పొట్టి బడ్లియా: కొమ్మ కురచైతే గుణం మారుతుందా?

నర్సరీలో పొట్టి బడ్లియా ('బటర్‌ఫ్లై బుష్' అని అమ్మే పూలపొదలో కురచ రకం) కుండీకి వేలాడే అట్ట మీద సాధారణంగా మూడు మాటలుంటాయి: ఎండ ఉంటే చాలు, పెద్దగా చూసుకోనక్కర్లేదు, సీతాకోకచిలుకలు వాటంతటవే వస్తాయి. మూడూ సగం నిజాలే. మిగతా సగం ఎవరూ చెప్పరు గనక కొన్నవాళ్లలో చాలామందికి మొదటి ఏడాది పూలు, రెండో ఏడాది పుల్లలు మిగులుతాయి. మొక్క పోగానే చలికి తట్టుకోలేదనో, ఏదో తెగులు సోకిందనో అనుకుంటారు. ఎక్కువసార్లు దాన్ని చంపేది మంచి మట్టి, రోజూ నీళ్లు, వేళకాని కత్తిరింపు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, గారాబం.

బడ్లియాను పొట్టి చేసినవాళ్లు కణుపుల మధ్య దూరం తగ్గించారు, కొమ్మలు ఎక్కువగా చీలేలా చేశారు, కొన్ని రకాల్లో గింజ కట్టే శక్తిని కూడా దాదాపుగా తీసేశారు. వేరు జోలికి మాత్రం వెళ్లలేదు. కుండీలో జానెడెత్తు కనిపిస్తోంది కదా అని దాన్ని పెటూనియాలాగో బంతిలాగో చూసుకుంటే అది నిలవదు. పొట్టి పొదను కూడా పెద్ద పొదలాగే పెంచాలి, కాకపోతే తక్కువ స్థలంలో. మా వాదన ఇంతే. మట్టి, నీరు, కత్తెర విషయంలో కింద చెప్పేవన్నీ దీన్నుంచే వస్తాయి.

రాళ్లలో పుట్టిన మొక్క

ఇళ్లలో పెంచే బడ్లియాల్లో అత్యధికం బడ్లియా డేవిడీ అనే జాతి నుంచి గానీ, దాని సంకరాల నుంచి గానీ వచ్చినవే. దాని సొంత ఊరు మధ్య, పశ్చిమ చైనా కొండలు. ఫ్రెంచి మిషనరీ ఆర్మాండ్ డేవిడ్ 1869లో అక్కడ దీన్ని సేకరించాడు. జెయింట్ పాండాను పాశ్చాత్యులకు పరిచయం చేసినవాడూ ఆయనే, అదీ అదే ఏడు. ఆ కొండల్లో ఇది మొలిచే చోట్లు చూస్తే దాని స్వభావం అర్థమవుతుంది: వాగు పక్కన గులకరాళ్ల గట్లు, కొండచరియలు విరిగిపడిన వాలులు, వరద కోసేసిన ఒడ్లు. నీరు వస్తుంది, పోతుంది, నిలవదు. మట్టిలో బలం తక్కువ, గాలి ఎక్కువ, పైన నీడనిచ్చే చెట్టు లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి కూలిన లండన్ ఇళ్ల శిథిలాల మీద ఇది పొదలు పొదలుగా లేచింది. ఇప్పటికీ బ్రిటన్‌లో రైలు పట్టాల కంకరలో, పాత గోడల పగుళ్లలో, పొగగొట్టాల అంచుల్లో కనిపిస్తుంది. సున్నపు గచ్చులో కూడా బతికేస్తుంది కాబట్టి కాస్త క్షార స్వభావమున్న మట్టి దీనికి ఇబ్బంది కాదు. ఉదజని సూచిక (pH) 6 నుంచి 7.5 వరకు హాయిగా పెరుగుతుంది. బాగా ఆమ్లంగా ఉన్న మట్టి మాత్రం పడదు.

గోడ పగులులో బతికే మొక్క కంపోస్టు నింపిన పూలమడిలో ఎందుకు చస్తుంది? వేళ్లకు ఊపిరాడక. ఎప్పుడూ తడిగా ఉన్న మట్టిలో గాలి గదులన్నీ నీటితో నిండిపోతాయి. ప్రాణవాయువు అందని వేరు నీటిని పైకి పంపలేదు. పైగా ఆ తడిలో ఫైటోఫ్తోరా లాంటి వేరుకుళ్లు కారకాలు చేరతాయి. అప్పుడు ఆకులు వాలిపోతాయి. వాలిన ఆకును చూసి యజమాని ఇంకో బిందె పోస్తాడు. కథ అక్కడితో ముగుస్తుంది.

పొట్టిది వేరు, గింజలేనిది వేరు

పెద్ద బడ్లియా డేవిడీని ఏటా మొదలంటా నరికినా ఆ ఒక్క సీజన్‌లోనే మనిషెత్తు దాటుతుంది. కత్తెరతో దాన్ని పొట్టిగా ఉంచడం కుదరని పని. ఎంత నరికితే అంత జోరుగా నిలువుకొమ్మలు తీస్తుంది. చోటు తక్కువ ఉన్నవాళ్లు పుట్టుకతోనే పొట్టిదైన రకం ఎంచుకోవడం సరైన నిర్ణయం. ఇందులో మాకు రెండో మాట లేదు.

కానీ 'పొట్టి' అనేది ఒక్క కొలత కాదు. చాలాకాలంగా ఉన్న 'నాన్హో' రకాలు ఐదడుగుల దాకా వెళ్తాయి. 'మిస్ మాలీ', 'మిస్ రూబీ' కూడా నాలుగైదు అడుగులు. 'బజ్' శ్రేణి సుమారు నాలుగడుగులు. 'లో అండ్ బిహోల్డ్' శ్రేణిలోని 'బ్లూ చిప్' రెండు నుంచి మూడడుగులు, పక్కలకు కూడా అంతే పాకుతుంది. 'పగ్‌స్టర్' రకాలు రెండడుగుల దగ్గర ఆగుతాయి, పొద చిన్నదైనా పూగుత్తులు పెద్ద మొక్క గుత్తులంత ఉంటాయి, కాండం కూడా లావు. అట్ట మీద రాసిన ఎత్తుకు ఇంకో పాతిక శాతం కలుపుకుని చోటు కేటాయించడం మంచిది. మంచు పడని చోట, ఎండ నిండుగా ఉన్న చోట అవి ఆ గీత దగ్గర ఆగవు.

అసలు గొడవ గింజల దగ్గర ఉంది. బడ్లియా గింజ పొడిలా ఉంటుంది, రెండు కొసలా సన్నని రెక్కలాంటి పొర. ఒక్క పూగుత్తి వేల సంఖ్యలో గింజలు కడుతుంది. గాలికి, నీటి ప్రవాహానికి, రైలు లేపే సుడికి కొట్టుకుపోతాయి. అమెరికాలో ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు బడ్లియా డేవిడీని హానికర కలుపుమొక్కల జాబితాలో పెట్టాయి. న్యూజిలాండ్‌లో కలప తోటల్లో లేత చెట్లను కమ్మేస్తుంటే 2006లో దాని ఆకులు తినే ఒక ముక్కుపురుగును ప్రత్యేకంగా తెచ్చి వదలాల్సి వచ్చింది. వాగుల గట్లను ఒకసారి ఆక్రమిస్తే అక్కడ సహజంగా పెరగాల్సిన మొక్కలకు చోటుండదు. అందుకే కొందరు తోటమాలులు దీని పేరెత్తితేనే కోపగించుకుంటారు. వాళ్ల కోపంలో న్యాయముంది. అసలు నాటనే కూడదన్న వాళ్ల తీర్పుతో మాత్రం మేం ఏకీభవించం, ఎందుకంటే ఆ గింజల సమస్యకు మందు ఇప్పుడు దొరుకుతోంది.

నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో డెనిస్ వెర్నర్ వేర్వేరు జాతులను కలిపి సంకరాలు తయారుచేశాడు. 'బ్లూ చిప్', 'మిస్ రూబీ', 'మిస్ మాలీ' ఆ పనిలోంచి వచ్చినవే. దూరపు జాతులు కలిసినప్పుడు పుప్పొడీ అండాలూ సరిగా తయారవక గింజ దాదాపుగా పట్టదు. మకరందం మాత్రం ఊరుతుంది. ఒరెగాన్ రాష్ట్రం పెట్టిన నియమం ఇక్కడ మంచి కొలబద్ద: మొలకెత్తగల గింజలు రెండు శాతానికి మించని రకాలనే అమ్మనిస్తుంది, అలా ఆమోదించిన రకాల జాబితా కూడా ప్రకటిస్తుంది. మీరు ఏ దేశంలో ఉన్నా ఆ జాబితాలో పేరున్న రకం కొంటే మనశ్శాంతి.

జాగ్రత్తపడాల్సింది ఏమిటంటే, పొట్టితనం ఒక గుణం, గొడ్డుతనం ఇంకో గుణం. ఒకటి ఉందని రెండోది ఉన్నట్టు కాదు. 'నాన్హో' రకాలు కురచవే, అయినా గింజ కడతాయి. అట్ట మీద 'డ్వార్ఫ్', 'కాంపాక్ట్' అని ఉంటే అది ఎత్తు గురించి మాత్రమే. 'స్టెరైల్' అనో 'సీడ్‌లెస్' అనో విడిగా రాసి ఉండాలి. రకం పేరే లేకుండా ఉత్త 'బటర్‌ఫ్లై బుష్' అని అమ్మే మొక్కను కొనకండి. వాగుకో అడవి అంచుకో ఆనుకున్న స్థలమైతే గింజలేని రకమైనా సరే, మేం వద్దనే చెబుతాం.

చోటు, గుంట, మట్టి

ఎండ రోజుకు ఆరు గంటలు తగ్గకూడదు, ఎనిమిది ఉంటే మరీ మంచిది. నాలుగు గంటల ఎండలో కూడా మొక్క చావదు, కానీ పొట్టి రకం కూడా సన్నగా సాగి పక్కకు వాలుతుంది, పూలు కొమ్మ చివర మాత్రమే వస్తాయి. అప్పుడు మీరు డబ్బు పెట్టి కొన్న గుబురుతనం కాస్తా పోయినట్టే. ఉదయపు ఎండ ముందుగా పడే చోటు ఇంకో విధంగా కూడా మేలు: సీతాకోకచిలుకలు ఒళ్లు వేడెక్కితే గానీ ఎగరలేవు, ఎండ తగిలిన పొద మీదికే ముందు వాలతాయి.

నాటే ముందు నేల నీటిని ఎలా వదులుతుందో చూడండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక రెండోసారి నింపి, ఒక పుల్ల గుచ్చి నీటిమట్టం గుర్తు పెట్టండి. గంటలో రెండంగుళాలు దిగితే ఏ ఏర్పాటూ అక్కర్లేదు. ఒక అంగుళం కూడా దిగకపోతే అక్కడ గుంటలో నాటొద్దు. మొదటి నింపును లెక్కలోకి తీసుకోకపోవడానికి కారణం ఉంది: పొడిమట్టి స్పాంజిలా పీల్చుకుని మిమ్మల్ని మోసం చేస్తుంది.

బంకమట్టి ఉన్నవాళ్లు సాధారణంగా చేసే పని గుంట లోతుగా తవ్వి, అందులో ఇసుకా కంపోస్టూ కలిపిన గుల్లమట్టి నింపడం. చూడ్డానికి తెలివైన పనే. కానీ చుట్టూ నీరు ఇంకని బంక, మధ్యలో గుల్ల. వానొస్తే చుట్టుపక్కల నీరంతా ఆ గుంటలోకే దిగి నిలుస్తుంది. కుండీ అడుగున రాళ్లు పరిస్తే మురుగు తొందరగా పోతుందనే నమ్మకం కూడా ఇలాంటిదే. సన్నని మట్టిలోని నీరు పెద్ద రాళ్ల పొర తగలగానే ఆగిపోతుంది, పైమట్టి పూర్తిగా తడిసి బరువెక్కితే గానీ రాళ్లలోకి జారదు. దాంతో తడి నిలిచే మట్టం వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. బంకనేలలో దారి ఒక్కటే, ఎత్తు పెంచడం. ఉన్న నేలను పారతో ఒక అడుగు లోతు గుల్ల చేసి, దాని మీద జానెడెత్తు, మూడడుగుల వెడల్పు దిబ్బ కట్టి, ఆ దిబ్బ మీద నాటాలి.

మామూలు నేలలో గుంట వేరుముద్దకు రెండింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం వేరుముద్దంతే. లోతెక్కువైతే మట్టి కుదురుకున్నాక మొక్క కిందికి దిగిపోతుంది, మొదలు మట్టిలో కూరుకుపోయి కుళ్లుతుంది. వేరుముద్ద పైభాగం నేలమట్టానికి ఒక సెంటీమీటరు పైకే ఉండనివ్వండి. కుండీలో వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే, కత్తితో వేరుముద్ద పక్కల నాలుగు చోట్ల అర అంగుళం లోతున నిలువుగా కోయండి. ఇది క్రూరంగా అనిపించినా చేయకపోతే ఆ వేళ్లు రెండేళ్లయినా అలాగే గిరికీలు కొడుతూ ఉంటాయి. పశువుల ఎరువో కంపోస్టో గుంటలో వేయాల్సిన పని లేదు. తవ్విన మట్టినే తిరిగి కప్పండి. రెండు మొక్కల మధ్య రెండున్నర నుంచి మూడడుగులు వదలండి. గాలి ఆడకపోతే ఆకు మచ్చలు వస్తాయి.

పైన పరిచేది బెరడు ముక్కల కన్నా చిన్న కంకరైతే మంచిది, ఒకటిన్నర నుంచి రెండంగుళాల మందాన. కంకర కాండం మొదలు దగ్గర తడిని పట్టి ఉంచదు. ఇంకో లాభం కూడా ఉంది: బడ్లియా గింజ మొలకెత్తాలంటే వెలుతురు కావాలి, కప్పేసిన నేలలో మొలకలు దాదాపుగా రావు. కాండం చుట్టూ నాలుగంగుళాలు ఖాళీగా వదిలేయండి.

కుండీలో అయితే

రెండు మూడడుగుల రకాలకు కనీసం 40 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల లోతు కుండీ. అడుగున ఒకే రంధ్రం చాలదు, నాలుగైదు ఉండాలి, అవి నేలకు ఆనకుండా కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టాలి. మిశ్రమం: మామూలు తోటమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక లేదా పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు) ఒక పాలు, చివికిన కంపోస్టు ఒక పాలు. అచ్చంగా కోకోపీట్‌లో (కొబ్బరిపీచు పొట్టులో) పెంచొద్దు. అది పైన ఆరినట్టు కనిపిస్తూనే అడుగున తడి పట్టి ఉంటుంది, బడ్లియాకు ఇంతకన్నా చెడ్డ పరిస్థితి లేదు. మట్టి కుండీ ప్లాస్టిక్ కన్నా నయం, పక్కల నుంచి కూడా ఆరుతుంది గనక.

నేలలో ఉన్న మొక్క తట్టుకునే చలిని కుండీ మొక్క తట్టుకోలేదు. వేళ్ల చుట్టూ ఉన్న మట్టి అన్ని వైపుల నుంచీ గడ్డకడుతుంది. మంచు బాగా పడే చోట చలికాలంలో కుండీని గోడ వారకు జరిపి, చుట్టూ గోనెపట్టా కట్టి, వాన నేరుగా పడకుండా చూడాలి. రెండు మూడేళ్లకోసారి వేరుముద్ద చుట్టూ ఒక అంగుళం మందాన కోసేసి కొత్త మట్టితో తిరిగి నాటాలి.

నీళ్లు, ఎరువు

మొదటి సీజన్‌లో వేరు ఇంకా కుండీ ఆకారంలోనే ఉంటుంది కాబట్టి నీళ్లు కావాలి. వారానికి ఒకటి రెండుసార్లు, మొదలు చుట్టూ నెమ్మదిగా, అడుగు లోతు తడిసేలా. ప్రతిసారీ వేలు గుచ్చి చూసి రెండంగుళాల లోతు వరకు ఆరితేనే పోయాలి. రెండో ఏటి నుంచి నేలలో ఉన్న మొక్కకు నిజమైన కరువు రోజుల్లో తప్ప నీరక్కర్లేదు. పచ్చిక కోసం పెట్టిన స్ప్రింక్లర్ పరిధిలో దీన్ని నాటితే పోగొట్టుకున్నట్టే. కుండీలోది వేరే సంగతి, ఎండాకాలంలో దానికి రోజూ కావాలి.

మధ్యాహ్నం ఆకులు వాలడం దాహమని అనుకోవద్దు. వెడల్పాటి, మెత్తటి ఆకు నుంచి నీరు ఆవిరయ్యే వేగాన్ని వేరు అందుకోలేక కాసేపు అలా జరుగుతుంది. సాయంత్రానికి తేరుకుంటే ఏమీ చేయొద్దు. తెల్లవారినా వాలే ఉంటే అప్పుడు మట్టి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు పోయండి. తడిగా ఉండి కూడా వాలి, కింది ఆకులు పసుపెక్కి, కాండం మొదలు దగ్గర బెరడు గోధుమరంగుకు తిరిగి మెత్తబడితే అది వేరుకుళ్లు. తొలిదశలో అయితే మొక్కను తవ్వి తీసి, నల్లబడిన వేళ్లు కోసేసి, పైకొమ్మలు సగానికి కత్తిరించి, ఇసుక ఎక్కువున్న మట్టిలో ఎత్తుగా నాటితే కొన్ని బతుకుతాయి. అన్నీ బతకవు.

ఎరువు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వసంతంలో మొక్కకు ఒక దోసెడు కంపోస్టు చాలు. నత్రజని ఎక్కువైతే ఆకులు అరచేతంత అవుతాయి, పూగుత్తులు తగ్గుతాయి, మెత్తటి కొమ్మల మీద పేను చేరుతుంది. కుండీ మొక్కకు నెమ్మదిగా కరిగే గుళికల ఎరువు, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సగం, ఏడాదికి ఒకసారి.

కత్తెర ఎప్పుడు, ఎక్కడ

పొట్టి రకాలకు కత్తిరింపు అక్కర్లేదన్న ప్రచారం ఎక్కడ మొదలైందో గానీ, ఈ మొక్కల్ని పాడుచేయడంలో అధిక నీటి తర్వాతి స్థానం దానిదే. బడ్లియా డేవిడీ రకాలు ఆ ఏడు వచ్చిన కొత్త కొమ్మల చివరే పూస్తాయి. కత్తిరించకుండా వదిలేస్తే ప్రతి కొత్త కొమ్మా పాత కొమ్మ చివర నుంచి మొదలవుతుంది. రెండు మూడేళ్లలో కింద అడుగున్నర ఎత్తు వరకు ఎండుపుల్లలు, పైన గొడుగులా కాసిని ఆకులు, వాటి చివర చిన్న చిన్న గుత్తులు. రెండడుగుల మొక్కలో అడుగున్నర బోసిపోతే చూడ్డానికి ఇంకేం మిగులుతుంది?

కాలం ముఖ్యం. పూలు అయిపోగానే, చలికి ముందే నరికి చక్కబెట్టాలన్న తొందర వద్దు. దానికి రెండు కారణాలు. నరికితే మొక్క వెంటనే చిగురేస్తుంది, ఆ లేత చిగురు తొలి మంచుకే మాడి, నిలవ చేసుకున్న శక్తి వృథా అవుతుంది. రెండోది, బడ్లియా కాండం మధ్యలో మెత్తటి బెండు ఉంటుంది. కోసిన చోట అది తెరుచుకుని చలికాలపు తడి లోపలికి దిగుతుంది, గడ్డకట్టి మొదలును చీలుస్తుంది. వాడిన కొమ్మలు అలాగే ఉంటే మొదలుకు రక్షణ. కాబట్టి చలి తగ్గి, మొదలు దగ్గరి మొగ్గలు శనగగింజంత ఉబ్బి ఆకుపచ్చగా కనిపించే దాకా ఆగండి. మంచు అసలే పడని చోట ఇది ఆకు రాల్చదు. అక్కడ చల్లని రోజులు ముగిసి, కొత్త చిగురు జోరందుకునే ముందు కోయాలి.

నాటిన తర్వాతి వసంతంలో మూడో వంతు మాత్రమే తగ్గించండి, వేరు ఇంకా నిలదొక్కుకునే దశలో ఉంటుంది. ఆ మరుసటి ఏటి నుంచి పొద ఎత్తులో సగం నుంచి మూడింట రెండు వంతులు తీసేయాలి. నేల మీద ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలు మిగిలితే చాలు. ముందు ఎండుకొమ్మలు, తర్వాత పెన్సిల్ కన్నా సన్నవి, ఆపైన ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేసి, మిగిలిన బలమైన కొమ్మల్ని ఒక మొగ్గల జతకు పావు అంగుళం పైన కోయండి. బడ్లియా ఆకులు ఎదురెదురుగా వస్తాయి కాబట్టి ప్రతి కోతకూ రెండు కొమ్మలు. మొగ్గే కనిపించని ముదురు కాండంలోకి కోయొద్దు, అక్కడి నుంచి చిగురు రావచ్చు, రాకపోవచ్చు. ఇలా కోసిన మొక్క సుమారు మూడు నెలలకు పూతకొస్తుంది.

ఒక హెచ్చరిక: ఈ లెక్క డేవిడీ రకాలకూ దాని పొట్టి సంకరాలకూ మాత్రమే. బడ్లియా ఆల్టర్నిఫోలియా, గుండ్రని నారింజ బంతుల్లా పూసే బడ్లియా గ్లోబోసా నిరుటి కొమ్మల మీద పూస్తాయి. వాటిని వసంతంలో కోస్తే ఆ ఏడు పూలుండవు. అవి పూసిన తర్వాతే కోయాలి.

బడ్లియా ఆలస్యంగా మేలుకునే మొక్క. పక్క మొక్కలన్నీ పచ్చబడినా ఇది పుల్లల్లాగే ఉంటుంది. సున్నాకు ఇరవై డిగ్రీలకు పైగా కిందికి పోయే చోట్ల పైభాగమంతా ఎండిపోయి మొదలు నుంచి లేస్తుంది కూడా. గోటితో బెరడు గీకి చూడండి. పచ్చగా ఉంటే ప్రాణముంది. గోధుమరంగులో ఉంటే కిందికి పోతూ మొదలు దాకా గీకండి. వసంతం పూర్తిగా గడిచే దాకా పీకేయొద్దు.

పూత కాలంలో ఇంకో చిన్న పని. గుత్తిలో పూలు కింది నుంచి కొసకు విచ్చుకుంటూ పోతాయి. మూడొంతులు గోధుమరంగుకు తిరగ్గానే, దాని కిందున్న ఆకుల జత దాకా గుత్తిని తుంచేయాలి. ఆ ఆకుల పక్క నుంచి రెండు చిన్న గుత్తులు వస్తాయి. గింజ కట్టని రకాలు తుంచకపోయినా పూస్తూనే ఉంటాయి, తుంచితే శుభ్రంగా కనిపిస్తాయి, అంతే. గింజ కట్టే రకం మీ దగ్గర ఇప్పటికే ఉంటే మాత్రం ఇది ఐచ్ఛికం కాదు. కాయలు ఎండి పగలకముందే ప్రతి గుత్తీ తీసేయాలి. తీసినవి కంపోస్టు గుంటలో వేయకండి, ఇంటి కంపోస్టు ఆ గింజల్ని చంపేంత వేడెక్కదు.

మందు కొట్టే ముందు ఆలోచించాల్సింది

పొడి వేడిలో ఎర్రనల్లి వస్తుంది. ఆకు పైన పాలిపోయిన చుక్కలు, తర్వాత కంచురంగు, అడుగున సన్నని సాలెగూడు. ఆకు అడుగున సహజంగానే తెల్లటి నూగు ఉంటుంది, దాన్ని తెగులనుకుని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. తెల్లకాగితం మీద ఆకును దులిపితే కదిలే చుక్కలు కనిపిస్తేనే నల్లి. ఆకుల అడుగుకు తగిలేలా నీటి ధార కొట్టాలి, మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాలు. వేడి రోజుల్లో నల్లి గుడ్డు నుంచి తల్లి కావడానికి వారం చాలు, అందుకే ఒక్కసారి కడిగి ఊరుకుంటే లాభం లేదు. చల్లగా, తేమగా ఉన్న వాతావరణంలో ఆకు మీద కోణాకారపు పసుపు మచ్చలు, వాటి అడుగున బూడిదరంగు బూజు వస్తే అది బూజు తెగులు. ఆ ఆకులు ఏరేసి, పొదను పలచన చేసి, నీళ్లు మొదలు దగ్గర మాత్రమే పోయాలి. ఇసుకనేలల్లో, వెచ్చని చోట్ల వేరుబుడిపె నులిపురుగులు పడితే మొక్క ఏ కారణమూ కనిపించకుండా గిడసబారుతుంది. అలాంటి నేలలో కుండీయే శరణ్యం.

ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్ లాంటి మందులు మొక్క అంతటా వ్యాపించి మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరతాయి. సీతాకోకచిలుకల కోసం నాటిన మొక్కకు అవి వేయడం వాటికి విషం పెట్టడమే. ఈ రెండింటితో పాటు క్లోథియానిడిన్‌ను కూడా ఆరుబయట పొలాల్లో వాడకుండా యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. పైగా ఇమిడాక్లోప్రిడ్ నల్లిని చంపదు, వాడిన చోట నల్లి పెరిగిన సందర్భాలే ఉన్నాయి. ఇంటికొచ్చాక మీరు కొట్టకపోయినా నర్సరీలో కొట్టి ఉండవచ్చు. కొనేటప్పుడు అడగండి. స్పష్టమైన జవాబు రాకపోతే మొదటి విడత పూగుత్తుల్ని మొగ్గలోనే తుంచేయడం మంచిది.

పూలుంటే సీతాకోకచిలుకలున్నట్టేనా

అట్ట మీది మూడో మాట దగ్గరికి వచ్చాం. బడ్లియా పువ్వు దాదాపు సెంటీమీటరు పొడవున్న సన్నని గొట్టం, గొంతు దగ్గర నారింజ చుక్క, అడుగున మకరందం. పొడవాటి తొండమున్న సీతాకోకచిలుకకు సరిగ్గా సరిపోతుంది. ఒక్క గుత్తిలో వందకు పైగా పూలు. ఒకసారి వాలితే కదలకుండా కడుపు నింపుకోవచ్చు. కాబట్టి వస్తాయి, గుంపులుగానే వస్తాయి.

అవి ఎక్కడి నుంచి వస్తాయన్నది ఆ అట్ట చెప్పదు. గొంగళిపురుగు దశలో దాదాపు ఏ సీతాకోకచిలుకా బడ్లియా ఆకు తినదు. మల్లీన్ మాత్ అనే రెక్కలపురుగు పిల్లలు తింటాయి, అలాంటివి మరికొన్ని ఉన్నాయి, అంతే. మోనార్క్ అనే సీతాకోకచిలుకకు మిల్క్‌వీడ్ (జిల్లేడు కుటుంబపు మొక్క) కావాలి. దాని బంధువైన ప్లెయిన్ టైగర్ జిల్లేడు మీద గుడ్లు పెడుతుంది. నిమ్మజాతి చెట్ల మీద పెరిగే స్వాలోటెయిల్‌లు, నెటిల్ మొక్కల మీద పెరిగే రెడ్ అడ్మిరల్ లాంటివి ఉన్నాయి. తోటలో బడ్లియా ఒక్కటే ఉంటే మీరు పక్క స్థలంలో పుట్టినవాటికి భోజనం పెడుతున్నారు, కొత్తవి పుట్టించడం లేదు. ఆ పక్క స్థలం శుభ్రమైపోయిన రోజున మీ పొద మీద వాలేవి ఉండవు.

దీన్ని బడ్లియా తప్పుగా చూపి దాన్ని పీకేయమనే వాదన మాకు తర్కంగా అనిపించదు. బంతీ జీనియా మీద ఎవరూ ఈ నేరం మోపరు కదా. కానీ ఒక్కో పొట్టి బడ్లియాకు తోడుగా, మీ ప్రాంతపు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే మొక్కలు కనీసం రెండు ఉండాలన్నది మా లెక్క. పొట్టి రకం ఎంచుకోవడంలోని అసలైన లాభం ఇక్కడే ఉందని మేమనుకుంటాం: ఎనిమిదడుగుల బడ్లియా ఆక్రమించే చోటులో ఒక పొట్టి బడ్లియా, ఒక కుండీ నిమ్మ, ఒక మిల్క్‌వీడ్ గుబురు పడతాయి. నిమ్మ ఆకుల్ని గొంగళిపురుగులు కొరికేస్తే మందు కొట్టకుండా ఊరుకోవడం కూడా ఆ ఏర్పాటులో భాగమే.

పాత పెద్ద పొదను మార్చాలనుకుంటే

మొక్కలు పెంచుకోవడం తేలికే. ఎండాకాలం తొలిరోజుల్లో పూమొగ్గ లేని లేత కొమ్మను నాలుగంగుళాలు, కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేసి, పెర్లైటూ కోకోపీటూ సమంగా కలిపిన మిశ్రమంలో నీడలో గుచ్చితే మూడు నాలుగు వారాల్లో వేళ్లొస్తాయి. అయితే కొత్త పొట్టి రకాల్లో చాలావాటికి పేటెంటు ఉంటుంది, అట్ట మీద ఆ సంగతి రాసి ఉంటే కొమ్మలు నాటడం నిషిద్ధం. గింజల నుంచి పెంచితే తల్లి పొట్టిదైనా పిల్లలు ఏ ఎత్తుకైనా పోతాయి.

ఇప్పటికే ఉన్న పెద్ద పొదను తీసేసి పొట్టిది పెట్టాలంటే, గింజ ఎండకముందే గుత్తులన్నీ కోసి సంచిలో కట్టి బయట పారేయండి. కొమ్మల్ని నరికి తడినేల మీద పడేయొద్దు, అవి పడ్డచోటే వేళ్లు వేసుకుంటాయి. ఎండలో గచ్చు మీద పూర్తిగా ఎండనివ్వండి. మోడును నరికి వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి మొదలు గడ్డతో సహా తవ్వి తీయాలి. గింజలు మట్టిలో కొన్నేళ్లు బతికుంటాయి గనక ఆ చోట మట్టిని అనవసరంగా తిరగేయకుండా రెండంగుళాల కంకర పరిచి, తర్వాతి రెండు మూడు వసంతాల్లో తెల్లటి నూగున్న ఎదురెదురు ఆకుల మొలకలు కనిపిస్తే చిటికెన వేలంత ఉన్నప్పుడే పీకేయండి. కొత్త పొట్టి మొక్కను అదే గుంటలో కాకుండా మూడడుగులు పక్కకు జరిపి నాటండి.